ఇసుక మేట మీద ఎవరూ లేరు

హైదరాబాద్
నవంబరు 18

అక్కకు,

నిన్న ఫోన్లో ఒకే మాట మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ నువ్వు "ఆ, ఆ, తిన్నాను" అన్నావు. నేనడిగింది అన్నం గురించి కాదు. వాట్సాప్‌లో పెడితే వారానికోసారి చూస్తావు. అందుకే ఉత్తరం.

మన బాన్సువాడ దగ్గర మంజీర ఒడ్డున రోయింగ్ క్లబ్ కడతారట. తెడ్లు వేసి పందెం పడవలు నడిపే ఆట. ఒడ్డున పడవల షెడ్డు, నీళ్లలోకి దిగే ర్యాంపు, ఎండాకాలంలో కూడా పడవలు తేలేలా ఏటికి అడ్డంగా ఓ చిన్న కట్ట. ఇవన్నీ కడితే నదికి, చేపలకు, పక్షులకు, ఒడ్డున బతికే మనుషులకు ఏమవుతుందో తేల్చి నివేదిక ఇచ్చే పని మా కంపెనీకి వచ్చింది. మా సార్ నన్ను పిలిచి, "నీ ఊరే కదా, నువ్వే రాయి" అన్నాడు. పన్నెండేళ్లుగా ఎవరెవరి నదుల గురించో రాశాను. మన ఏటి పేరు రాయడం ఇదే మొదలు.

నీ ఎనిమిదో తరగతి పిల్లలు ప్రతి ఆదివారం ఏటికి వెళ్లి పక్షుల లెక్క రాస్తారు కదా, ఆ నోటుబుక్కు పంపగలవా? ఐదేళ్ల లెక్క అంటే మాటలు కాదు. మా ఆఫీసులో ఎవరి దగ్గరా అలాంటిది లేదు. నీ పేరు, బడి పేరు నివేదికలో వేయిస్తాను.

చెవి మిషను పెట్టుకుంటున్నావా? బీరువాలో దాచుకోవడానికి కాదు అది కొన్నది.

నీ తమ్ముడు
భానుప్రసాద్


బాన్సువాడ
డిసెంబరు 2

తమ్మీ,

నోటుబుక్కు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రసీదు దాచాను. జాగ్రత్త, అది ఒక్కటే ఉంది. బడి పేరు వేయిస్తానన్నావని పిల్లలకు చెబితే క్లాసంతా బల్లలు చరిచారు. ఆ చప్పుడు మాత్రం నాకు వినపడింది.

ఐదేళ్ల ఆదివారాల లెక్క కలిపి పిల్లలు వేసిన పట్టికలో నలభై ఒక్క వరుసలు ఉన్నాయి. చివరి పేజీల్లో ఇసుక మేట లెక్క చూడు. సంక్రాంతి నాటికి నది సన్నబడి మధ్యలో మేట తేలుతుంది, నువ్వూ నేనూ ఈదుకుంటూ వెళ్లి ఎక్కేవాళ్లం, అదే. దాని మీద పసుపు ముక్కు, నల్ల తల ఉన్న పిట్టలు ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. పుస్తకంలో ఏదో ఇంగ్లీషు పేరుంది, మా పిల్లలు మాత్రం నల్లటోపీ పిట్ట అంటారు. పోయిన ఎండాకాలం పందొమ్మిది గూళ్లు లెక్కపెట్టాం.

ఆ మేట మీదనే తండా నుంచి భీమ్లి, ఆమె మొగుడు జేత్యా పుచ్చ, దోస పెడతారు. సంక్రాంతి దాటాక గుంతలు తీసి ఎరువు వేసి, మే నెలాఖరుకు కాయ కోసుకుని వెళ్లిపోతారు. కుక్కలు రాకుండా గుడ్ల చుట్టూ తుమ్మకంపలు నాటేది భీమ్లియే. ఎందుకమ్మా ఈ కష్టం అని ఓసారి అడిగాను.

"గవి పిల్లల్ని జేసినంక ఎగిరివోతయ్, మేం కాయ గోసినంక వోతం. ఇద్దరం గీ ఇసుక మీద కిరాయిదార్లమే గదా టీచరమ్మా" అంది.

మిషను సంగతి అడిగావు. రెండేళ్లనాటి ఆ జ్వరం ఇలా చేసి పోతుందని ఎవరనుకున్నారు! బడిలో ఎవరికీ తెలియదు. పెదవులు చూసి నెట్టుకొస్తున్నాను. వెనక బెంచీ వాళ్లు ఏమైనా అడిగితే దగ్గరికి నడుస్తాను, శ్రద్ధ అనుకుంటారు. మిషను పెట్టుకుంటే హెడ్మాస్టరు ఒక రకంగా చూస్తాడు. ఆ చూపు నాకు వద్దు.

క్లబ్బు కట్టనీ, మంచిదే. మన ఆడపిల్లలు కూడా పడవ పందేలకు వెళ్తారేమో. మేటను మాత్రం చూసుకుని కట్టమని రాయి.

అక్క
మంజులత


హైదరాబాద్
జనవరి 21

అక్కకు,

నివేదిక పూర్తయింది. నీ నోటుబుక్కు చాలా ఉపయోగపడింది. అనుబంధంలో బడి పేరు, నీ పేరు ఉన్నాయి.

ఫిబ్రవరి 11న మండల ఆఫీసు ఆవరణలో ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారు. నువ్వు తప్పకుండా వెళ్లు. ముందు వరుసలో కూర్చో. మీటింగు నడిపే పెద్దసారు నివేదిక చదివి, పక్షుల లెక్క మీ బడిదేనా, సరిగ్గా ఉందా అని అడగవచ్చు. అవునని ఒక్క మాట చెప్తే చాలు. పొడుగ్గా మాట్లాడాల్సిన పని లేదు.

ఆ రోజు నేను వేరే సైటులో ఉంటాను. రాలేను.

భాను


బాన్సువాడ
ఫిబ్రవరి 13

తమ్మీ,

మీటింగు బాగానే జరిగింది. షామియానా వేశారు, రెండు వందల మంది వచ్చి ఉంటారు. నువ్వు చెప్పినట్టే ముందు కూర్చున్నాను. పెద్దసారు చదివాడు, నన్ను అడిగాడు, నేను లేచి అవునన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

భీమ్లి, జేత్యా కూడా వచ్చారు. నేను అవునన్నాక భీమ్లి నా వంక చాలాసేపు చూసింది. చప్పట్లు అయ్యేలోపే లేచి వెళ్లిపోయింది. ఎండకేమో అనుకున్నాను.

నోటుబుక్కు ఎప్పుడు పంపుతావు? పిల్లలు అడుగుతున్నారు.

అక్క


బాన్సువాడ
మార్చి 5

భానుప్రసాద్‌కు,

పోయిన ఉత్తరంలో ఒక సంగతి దాచాను. ముందు అది చెప్పి తర్వాత నిన్ను అడుగుతాను.

ఆ రోజు నాకు ఒక్క మాట కూడా వినపడలేదు. మైకు గరగరమంది, పెద్దసారు కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని చదివాడు, పెదవులు కనపడలేదు. అరగంట సేపు అర్థమైనట్టు తల ఊపుతూ కూర్చున్నాను. అడిగినప్పుడు, మళ్లీ చెప్పండి అంటే రెండు వందల మందికీ తెలిసిపోతుందని, అవునన్నాను.

నిన్న భీమ్లి బడికి వచ్చింది. వరండాలో నా మొహానికి ఎదురుగా నిలబడి అడిగింది.

"టీచరమ్మా, మేం గీడ లేమా?"

"అదేం మాట భీమ్లీ?"

"గా కాయిదంల మేం లేమని ఉన్నదంట. ఇసుక మీద ఎవ్వలు లేరని సదివిండు. నువ్వు అందరి ముంగట అవునంటివి. ఇగ మేం నోరెట్ల తెరుస్తం?"

పంచాయతీ ఆఫీసుకు వెళ్లి నివేదిక కాపీ అడిగి, అక్కడే నిలబడి చదివాను. "ఇసుక మేటపై గూళ్లు నమోదు కాలేదు. వేసవిలో పక్షుల సంచారం నామమాత్రం. మేటపై సాగు గానీ, దానిపై ఆధారపడిన కుటుంబాలు గానీ లేవు." కింద, ఆధారం: మా బడి, నా పేరు. మా పిల్లలు రాసింది నలభై ఒక్క వరుసలు. నీ అనుబంధంలో ఇరవై ఏడే ఉన్నాయి. రెండుసార్లు వేలు పెట్టి లెక్కపెట్టాను. మాయమైన పద్నాలుగూ మేట మీదివే.

పొరపాటున పేజీ జారిపోయిందని రాయి భానూ. నమ్ముతాను.

మంజులత


హైదరాబాద్
మార్చి 14

అక్కకు,

నువ్వు ఆవేశపడుతున్నావు. ఇలాంటి నివేదికలకు ఒక పద్ధతి ఉంటుంది. మేం సైటుకు వెళ్లిన రోజు కనపడినదే రాయాలి. ఆ రోజు గూళ్లు లేవు. ఏటి లోపల ఎవరికీ పట్టా ఉండదు కాబట్టి అది రికార్డు ప్రకారం సాగు కిందికి రాదు. పిల్లల లెక్కలో కొన్ని వరుసలకు ఫొటోలు లేవు. అందుకని తీశాం.

ఇంకో మాట. అందరి ముందు లేచి సరిగ్గా ఉందని చెప్పింది నువ్వే. వినపడకపోతే వినపడలేదని అనాల్సింది. ఇప్పుడు నన్ను అడిగితే నేనేం చెయ్యను?

ఫైలు అనుమతులిచ్చే కమిటీ దగ్గరికి వెళ్లిపోయింది.

భాను


బాన్సువాడ
ఏప్రిల్ 16

భానుప్రసాద్‌కు,

నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

అనుమతి రాకముందే క్లబ్బువాళ్లు పడవలు తేలతాయో లేదో చూడాలని సోమవారం ఏటికి అడ్డంగా ఇసుక బస్తాలతో కట్ట వేశారు. ఎవరైనా అడ్డుపడితే నీ నివేదిక చూపించారు, మేట మీద ఎవరూ లేరని. మంగళవారం పొద్దున్నకు నీళ్లు మేట అంచుకు వచ్చాయి. మధ్యాహ్నానికి మీదికి ఎక్కాయి.

బడి వదిలి నేను వెళ్లేసరికి భీమ్లి, జేత్యా మోకాలి లోతు నీళ్లలో పాదులు లాగుతున్నారు. కాయలింకా పచ్చివి, పిడికిలంత. ఇరవై రోజులాగితే కోతకు వచ్చేవి. ఆ నల్లటోపీ పిట్టలు నీళ్ల మీద అరుస్తూ తిరుగుతున్నాయి. అరుస్తున్నాయని ముక్కులు తెరిచి ఉండటం చూసి తెలుసుకున్నాను. ఈసారి ఇరవై రెండు గూళ్లు ఉండేవి. కంపలు మాత్రం నీళ్ల పైకి కనపడుతున్నాయి.

నేను ఒడ్డునే నిలబడ్డాను. దిగలేదు. జేత్యా ఒకసారి నన్ను చూసి తల తిప్పుకున్నాడు. భీమ్లి అసలు చూడలేదు. ఏ మొహం పెట్టుకుని దిగను?

వాళ్లిద్దరూ మద్నూర్ వెళ్లారట, హైవే మీద లారీలకు సరుకు ఎత్తే పనికి.

మంజులత


హైదరాబాద్
ఏప్రిల్ 22

అక్కా,

నీ ఉత్తరం అందింది. మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

భాను


హైదరాబాద్
మే 9

అక్కా,

పదిహేను రోజులుగా మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఇది చింపను.

నేను సైటుకు వెళ్లింది ఒకే ఒక్కసారి, అక్టోబరులో. నిజాంసాగర్ గేట్లు తెరిచిన వారం. ఏరు నిండుగా ఉంది, మేట నీళ్ల కింద ఉంది. ఒడ్డున చాయ్ తాగి, నాలుగు ఫొటోలు తీసుకుని సాయంత్రానికి హైదరాబాద్ వచ్చేశాను. ఇంటికి కూడా రాలేదు, నీకు చెప్పలేదు. "ఆ రోజు గూళ్లు లేవు" అని రాశాను చూడు, అది నిజమే. అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో రాయలేదు. ఆ నీళ్ల కింద ఏముందో ఆఫీసులో ఎవరికీ తెలియకపోవచ్చు, నాకు తెలుసు.

సార్ నన్ను బలవంతం చేయలేదు. "గూళ్లు అనే మాట ఒక్కటున్నా ఫైలు ఏడాది ఆగుతుంది. ఊరివాడివి, ఏది ఉంచాలో నీకు తెలియదా?" అన్నాడు, అంతే. ఆ సాయంత్రమే పద్నాలుగు వరుసలు కొట్టేశాను. మీ పిల్లల్లో ఎవరో గుడ్డు బొమ్మ గీసి రంగు వేశారు. ఆ పేజీ దగ్గర చెయ్యి ఆగింది. ఆగి, మళ్లీ కదిలింది.

ఇది కూడా చెప్పాలి. ఫిబ్రవరి 11న నేను వేరే సైటులో లేను. షామియానా వెనక, గుడ్డ అవతల నిలబడి ఉన్నాను. నిన్ను ముందు కూర్చోబెట్టమని, నిన్నే అడగమని మీటింగు పెట్టినవాళ్లకు చెప్పింది నేనే. టీచరమ్మ అవునంటే ఆ చుట్టుపక్కల ఎవరూ ఎదురు మాట్లాడరు అన్నాను. పెద్దసారు చదువుతున్నప్పుడు నువ్వు చెయ్యి చెవి దాకా తీసుకెళ్లావు. పక్కనెవరో చూస్తున్నారని జుట్టు సర్దుకున్నట్టు చేశావు. నాకు కనపడింది. నీకు ఏమీ వినపడటం లేదని అప్పుడే తెలిసింది. గుడ్డ తప్పించుకుని నాలుగడుగులు వేస్తే చాలు. వేయలేదు. నువ్వు అవునన్నావు, చప్పట్లు కొట్టారు, నేను వెళ్లి కారెక్కాను.

నీకు వినపడదన్న సంగతి ముందే తెలిసి, దాన్ని కూడా లెక్కలో వేసుకునే నిన్ను పిలిచానా అని నన్ను నేను అడుగుతున్నాను. లేదని చెప్పడానికి నోరు రావడం లేదు. పైగా మార్చిలో నీకు ఎలాంటి ఉత్తరం రాశాను!

కమిటీకి నిన్న రాసి ఇచ్చాను. నివేదికలో మేట గురించి రాసినవన్నీ అబద్ధాలని, రాసింది నేనని, బడి ఇచ్చిన లెక్కను నేనే కత్తిరించానని. నోటుబుక్కు కూడా వాళ్లకే ఇచ్చాను, రసీదు ఇందులో పెట్టాను. మధ్యాహ్నానికి సార్ నా బల్ల ఖాళీ చేయమన్నాడు. చేశాను. ఇందులో గొప్పేమీ లేదు, మునిగిన గూడు మునిగిందే.

ఊరికి రావాలంటే కాళ్లు రావడం లేదు అక్కా.

భాను


బాన్సువాడ
ఆగస్టు 20

తమ్మీ,

మూడు నెలలు నీకు రాయలేదు. కోపం ఒక నెలలో పోయింది. మిగతా రెండు నెలలూ నా సంగతే నాకు సరిపోయింది.

ముందు జరిగినవి. నీ కాగితం అందాక కమిటీవాళ్లు జూన్‌లో వచ్చి కట్ట తీయించారు. జులై చివర మళ్లీ మీటింగు పెట్టారు. ఏటికి అడ్డంగా కట్ట వద్దన్నారు. షెడ్డు కావాలంటే ఎగువన రాతి ఒడ్డు మీద కట్టుకోవాలి, ఎండాకాలంలో పడవలు ఆపాలి, నాలుగు కాలాలూ చూసి వేరేవాళ్లు కొత్త నివేదిక రాయాలి. అప్పటిదాకా పని ఆగింది. క్లబ్బువాళ్లకు కోపంగా ఉంది. ఊళ్లో సగం మందికి నా మీద, నీ మీద కోపంగా ఉంది, కొలువులు వచ్చేవట.

ఆ మీటింగుకు మిషను పెట్టుకుని వెళ్లాను. అయినా మైకులో సరిగా తెలియలేదు. పెద్దసారు చదవడం మొదలుపెట్టగానే లేచాను. "సార్, నాకు చెవులు వినపడవు. పోయినసారి కూడా వినపడలేదు. వినకుండానే అవునన్నాను. ఆ కాగితం ఇలా ఇవ్వండి, చదువుకుని చెబుతాను" అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు, వెనక వరుసల వాళ్లు కూడా తిరిగి చూశారు. కాగితం ఇచ్చారు. అందరూ కూర్చుని ఉండగా నిలబడి మొత్తం చదివాను. హెడ్మాస్టరు చూసిన చూపు కూడా చూశాను. నేను భయపడ్డంత లేదు. నిజం చెప్పనా, ఆయన మొహం చూస్తే ఆ సంగతి ఎప్పటి నుంచో తెలిసినట్టే ఉంది.

భీమ్లి వాళ్లు ఆ మీటింగుకు రాలేదు, మద్నూర్‌లోనే ఉన్నారు. పోయిన వారం తిరిగి వచ్చారని తెలిసి నిన్న తండాకు వెళ్లాను. జేత్యా మంచం వాల్చాడు. నేను కూర్చోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు చెప్పాను. భీమ్లీ, ఆ రోజు నాకు వినపడలేదు, సిగ్గుపడి అవునన్నాను, నా సిగ్గుకు మీ పంట పోయింది అన్నాను.

భీమ్లి చేట పక్కన పెట్టింది. నాకు అర్థం కావాలని నిదానంగా, పెదవులు కదిపి చెప్పింది.

"నీకు వినవడదని మా తండా అంతకు ఎర్కే టీచరమ్మా. నీ దగ్గర సదివే పోరలు ఎన్నడో జెప్పిన్రు."

అప్పుడు మంచం మీద కూర్చున్నాను.

"వినవడకపోతే ఏంది? కండ్లున్నయ్ గదా. ఐదేండ్ల సంది మా పాదుల నడుమకెంచే నడిసినవు. గాయన ఏం జదివితే నీకేంది? నువ్వు జూసింది నువ్వు జెప్తవనుకున్న. గందుకే నేను లేసి మాట్లాడలే."

జేత్యా "పోనీ తియ్యే, వచ్చే ఏడు పెడతం" అన్నాడు. భీమ్లి అనలేదు. క్షమించమని అడగడానికే వెళ్లాను తమ్మీ, కానీ అడగలేకపోయాను. ఇన్నాళ్లూ నా తప్పు చెవులది అనుకుని, దాన్ని కూడా కొంచెం ఓదార్పుగానే దాచుకున్నాను. ఆమె ఆ ఓదార్పును తీసి పక్కన పెట్టింది.

నేను బయలుదేరుతుంటే అడిగింది.

"నీ తమ్ముడు గీ నడుమ ఊరికి వస్తలేడా?"

"రావడం లేదు. మొహం చెల్లడం లేదంటున్నాడు" అన్నాను.

"ఆయన మొహంతోని నాకేం పని? గీడ ఎవ్వలు లేరని రాసిండు గదా. ఒక్కపారి వచ్చి నా మొహం జూసిపొమ్మను."

ఆదివారం పొద్దున్న పది గంటల బస్సుకు రా. తండా దాకా ఆటోలు ఉంటాయి. నేను తోడు రాను.

అక్క